చుక్కల దాకా పరీక్షించాకే ట్యాబ్‌లు కొనండి

సంపాదకులకు,

దివ్యాంగ విద్యార్థులకు ట్యాబ్‌లు, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు పంచుతున్న వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచూ చూస్తున్నాం. కొత్త యాప్‌ల, పోర్టళ్ల ప్రకటనల్లో ‘యాక్సెసిబిలిటీ పరీక్ష పూర్తయింది’, అంటే దివ్యాంగులు వాడగలరా అని చూశాం, అన్న ముక్క కూడా ఈమధ్య కనిపిస్తోంది. ఆ పరీక్షలో ఏం చూశారో, ఏం చూడకుండా వదిలేశారో కొనే అధికారికీ తెలియాలి, వాడే విద్యార్థికీ తెలియాలి. కంప్యూటర్ తనంతట తాను చేసే ఈ పరీక్షలు చాలావరకు బ్రెయిలీ చుక్కల దాకా రావు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

బ్రెయిలీ డిస్‌ప్లే చూడనివారి కోసం రెండు మాటలు. ఇది ఫోనుకో కంప్యూటర్‌కో యూఎస్‌బీ తీగతో గానీ బ్లూటూత్‌తో గానీ కలిపే పరికరం. ఒకే వరసలో 14, 20, 32, 40 లేదా 80 గడులు ఉంటాయి. ఎక్కువ రకాల్లో గడికి ఎనిమిది చుక్కలు, కొన్నిట్లో ఆరే. తెర మీది అక్షరాలను స్క్రీన్ రీడర్ (తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చుక్కలుగా మార్చి పంపితే సన్నటి పిన్నులు లేచి దిగుతాయి, చదివేవారు వేలితో తడిమి చదువుతారు. వరస పూర్తయ్యాక పక్కనున్న మీట నొక్కితే తర్వాతి ముక్క వస్తుంది. చూపుతో పాటు వినికిడి కూడా లేనివారికి ఫోనులోకి ఉన్న ఒకే ఒక్క దారి ఇది. చూపు మాత్రమే లేనివారికి కూడా అక్షరదోషాలు దిద్దుకోవాలన్నా, లెక్కలు చేయాలన్నా, ఖాతా నంబరు సరిచూసుకోవాలన్నా చెవితో వింటే సరిపోదు, వేలితో చదవాలి.

ఇప్పుడు వాడుకలో ఉన్న ఆటోమేటెడ్ పరీక్షల సంగతి చూద్దాం. ఆండ్రాయిడ్‌కు గూగుల్ ఇచ్చే యాక్సెసిబిలిటీ స్కానర్ ప్రధానంగా చూసేవి మీటలకు పేరు ఉందా, మీట 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర మీది కొలత) కన్నా చిన్నదా, అక్షరానికీ వెనక రంగుకూ తేడా చాలినంత ఉందా అన్నవి. ఐఫోన్ యాప్‌లు తయారుచేసేవారికి 2023లో వచ్చిన ఎక్స్‌కోడ్ 15లో ఇలాంటి తనిఖీనే ఒక్క ఆదేశంతో నడిపే వీలుంది. వెబ్‌సైట్లకు యాక్స్ లాంటి తనిఖీ పనిముట్లు ఉన్నాయి. ఇవన్నీ కావలసినవే. పేరు లేని మీట ఒక్కటి దొరికినా మేలే. అయితే రంగుల తేడాతో, మీట సైజుతో బ్రెయిలీ చదివేవారికి పని లేదు. వారికి పనికొచ్చేది పేరు ఉందా లేదా అన్న ఒక్క తనిఖీ, అది కూడా ఆ పేరు చుక్కలుగా మారాక ఏమవుతుందో చూడదు. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2017లో కావాలనే వందకు పైగా అడ్డంకులు పెట్టి ఒక వెబ్ పేజీ తయారుచేసి, అప్పటి ఆటోమేటెడ్ పరికరాలను దాని మీద నడిపింది. ఏ ఒక్క పరికరమూ సగం అడ్డంకులను కూడా పట్టలేకపోయింది.

బ్రెయిలీకి పరీక్ష మూడు అంచెల్లో జరగాలి. రాసిన తెలుగు సరైన చుక్కలుగా మారుతోందా అన్నది మొదటిది. ఏ తెర మీద ఏ చుక్కలు డిస్‌ప్లేకు వెళ్తున్నాయన్నది రెండోది. వెళ్లిన చుక్కలకు తగ్గట్టు పిన్నులు లేస్తున్నాయా అన్నది మూడోది. మూడింటినీ మెషీన్‌తోనే చాలామేరకు చేయవచ్చు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

మొదటి అంచె మీద మనవాళ్లు ఎక్కువ శ్రమ పెట్టాలి. మిగతా ప్రపంచం మన తరఫున చేసిపెట్టే పని కాదది. తెలుగు బ్రెయిలీ 1951లో ఖాయమైన భారతి బ్రెయిలీ (భారతీయ భాషల ఉమ్మడి బ్రెయిలీ) పద్ధతిలో నడుస్తుంది. స్క్రీన్ రీడర్లలో చాలా వాటికి చుక్కలు కట్టిపెట్టేది లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. దానిలో తెలుగు పట్టిక ఉంది. దానితో పాటే వచ్చే చెక్‌యామల్ అనే పనిముట్టుకు ఒక ఫైలు ఇస్తే చాలు. ఒక పక్క తెలుగు పదం, ఇంకో పక్క రావాల్సిన చుక్కలు రాసి ఉంచితే ఎక్కడ తేడా వచ్చిందో అదే చెబుతుంది. వేల పదాలైనా సాధారణ ల్యాప్‌టాప్ మీద ఎంతోసేపు పట్టదు.

చుక్కలను అంకెలుగా రాసుకుంటే పోల్చడం తేలిక. 1వ చుక్కకు 1, 2వ దానికి 2, 3కు 4, 4కు 8, 5కు 16, 6కు 32, 7కు 64, 8కి 128 అని విలువ కట్టి, లేచిన చుక్కల విలువలు కూడితే గడికి ఒక్క అంకె వస్తుంది. ‘నెల్లూరు’ అన్న మాట 29, 34, 8, 7, 7, 51, 23, 37 అని ఎనిమిది గడుల్లో రావాలి. న, హ్రస్వ ఎ, ఆపైన ఒత్తు ఉందని చెప్పే 4వ చుక్క, రెండు ల-లు, ఊ, ర, ఉ. ఇందులో రెండోది 34కు బదులు 17 వస్తే అది దీర్ఘ ఏ, చదివేవారికి ‘నేల్లూరు’ అవుతుంది. హిందీలో హ్రస్వ ఎ, ఒ లకు విడిగా అక్షరాలు వాడరు కాబట్టి ఉత్తరాది భాషల కోసం రాసిన పరీక్షల్లో ఈ జత ఉండదు. ఎ-ఏ, ఒ-ఓ జతలు మన పరీక్షలో తప్పక ఉండాలి. ‘ఒంగోలు’లో మొదటి ఒ హ్రస్వం, గో దీర్ఘం కాబట్టి ఆ ఒక్క మాటే రెండింటినీ పరీక్షిస్తుంది.

అచ్చులు, హల్లులు, గుణింతాలు పెట్టి ఊరుకుంటే దొరకని తప్పులు కొన్ని ఉన్నాయి. క్ష, జ్ఞ రెండూ 4వ చుక్క లేకుండా ఒక్క గడిలోనే రావాలి. క్ష అయితే 31, జ్ఞ అయితే 49. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట్-కూ వే-కూ మధ్య కనపడని ఒక గుర్తు ఉంటుంది, అక్షరాలు అతుక్కోకుండా అడ్డుపడే యూనికోడ్ 200సి. పట్టికలో దానికి చోటు లేకపోతే ఆ గుర్తు సంఖ్యే అక్షరాలుగా విడిపోయి డిస్‌ప్లే మీదికి వస్తుంది. 20 గడుల పరికరంలో ఒక్క మాట మధ్యన ఏడెనిమిది గడులు చెత్తతో నిండిపోతాయి. తెర మీద చూసేవారికి ఆ గుర్తు కనపడదు గనుక ఫిర్యాదు వచ్చినా వారికి అర్థం కాదు. ఐత్వానిదీ అలాంటి చిక్కే. ‘నమోదైంది’లోని ఐత్వాన్ని ఒకే కోడుగా రాయవచ్చు, ఎత్వం కోడు తర్వాత ఇంకో కోడు చేర్చి రెండుగా కూడా రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. రెండు రాతలకూ ఒకే గడి, విలువ 12, రావాలి. తెలుగు అంకెలు వాడిన చోట కూడా మామూలు అంకెలకు వచ్చినట్టే అంకెల గుర్తు ముందు పెట్టి రావాలి. ఆ అంకెల గుర్తు 3, 4, 5, 6 చుక్కలు. ణ-కు కూడా అవే చుక్కలు. అందువల్ల అంకెల పక్కన ణ వచ్చే మాటలు కొన్ని వేయాలి.

ఇంగ్లిషు కలిసిన వాక్యాలకు విడిగా ఒక ఫైలు ఉండాలి. ఇంగ్లిషు కే అక్షరానికీ మన క-కూ చుక్కలు 1, 3. ఇంగ్లిషు పెద్ద అక్షరం వస్తోందని చెప్పే 6వ చుక్కే మనకు విసర్గ. బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ లాంటి 11 అక్షరాల గుర్తులను, పాస్‌వర్డులను ఎనిమిది చుక్కల కంప్యూటర్ బ్రెయిలీలో చూపితే 7వ చుక్కతో పెద్ద అక్షరం తెలిసిపోతుంది. ఆరు చుక్కల పరికరంలో 7వది ఉండదు, తేడా పోతుంది. కాబట్టి ఒకే వాక్యాన్ని ఆరు చుక్కల అమరికతోనూ ఎనిమిది చుక్కల అమరికతోనూ నడిపి చూడాలి.

చుక్కల నుంచి మళ్లీ తెలుగులోకి తిప్పి మొదటి మాటే వచ్చిందా అని చూడటం మంచి పరీక్ష. పోల్చే ముందు 200సి గుర్తును రెండు వైపులా తీసేయాలి. తిరుగు ప్రయాణంలో అది ఎలాగూ రాదు, తీయకపోతే లేని తప్పులు వందల్లో కనిపిస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. రావాల్సిన చుక్కల ఫైలును తయారుచేయడానికి తొందరపడి సాఫ్ట్‌వేర్‌నే ఒకసారి నడిపి, అది ఇచ్చినదాన్నే సరైన జవాబుగా దాచుకునే అలవాటు టెస్టర్లలో ఉంది. అలా చేస్తే మొదటి రోజున ఉన్న తప్పే ప్రమాణమైపోతుంది, ఎవరైనా తర్వాత దాన్ని సరిచేస్తే పరీక్ష వారినే తప్పు పడుతుంది. జవాబుల ఫైలును బ్రెయిలీ చదివే ఉపాధ్యాయులు ఇద్దరు విడివిడిగా రాయాలి. ఇద్దరికీ తేడా వచ్చిన మాటలను కూర్చుని తేల్చుకోవాలి. ఆ పనికి వారికి డబ్బు ఇవ్వాలి.

రెండో అంచె తెర నుంచి డిస్‌ప్లేకు వెళ్లే దారి. దీనికి పరికరం కొననక్కర్లేదు. విండోస్ ల్యాప్‌టాప్ మీద ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ వేసుకుని, దాని మెనూలో పనిముట్ల కింద బ్రెయిలీ వ్యూయర్ తెరిస్తే డిస్‌ప్లే ఉంటే ఏ చుక్కలు లేచేవో తెర మీదే కనిపిస్తాయి, కింద మామూలు అక్షరాలు కూడా ఉంటాయి. 2019.3 వెర్షన్ నుంచి ఈ వీలుంది. మెషీన్‌తో పోల్చడానికి ఇది చాలదు, చిన్న యాడ్‌ఆన్ రాయాలి. గడులు డిస్‌ప్లేకు వెళ్లే ముందు వాటిని అందుకునే చోటు ఎన్‌వీడీఏ కోడులోనే ఉంది, అక్కడ పట్టుకుని పైన చెప్పిన అంకెలను ఫైలులో రాయించవచ్చు. పైథాన్ వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థికి ఇది కష్టం కాదు. లైనక్స్‌లో బీఆర్ఎల్‌టీటీవై అనే సాఫ్ట్‌వేర్‌కు నిజమైన పరికరం లేకుండానే తెర మీద డిస్‌ప్లేను చూపే డ్రైవర్ ఉంది.

పరీక్ష మొదలుపెట్టే ముందు అమరికలు బిగించుకోకపోతే ఒకే తెర ఒకసారి పాస్, ఇంకోసారి ఫెయిల్ అని వస్తుంది. కర్సర్ మినుకుమినుకుమనే అమరిక ఆపేయాలి. కర్సర్‌ను 7, 8 చుక్కలతో చూపుతారు కాబట్టి అది లేచి ఉన్నప్పుడు అంకె ఒకటి, దిగినప్పుడు ఇంకొకటి వస్తుంది. ఆపలేని చోట ఆ రెండు చుక్కలను లెక్కలోంచి తీసేసి 63 లోపు భాగాన్నే పోల్చాలి, కంప్యూటర్ బ్రెయిలీ పరీక్షలో మాత్రం అలా తీయకూడదు. కర్సర్ ఉన్న మాటను కంప్యూటర్ బ్రెయిలీగా విప్పే అమరిక వేశారా తీశారా అన్నది రిపోర్టులో రాయాలి. గడియారం, బ్యాటరీ శాతం లాంటి మారే వాటిని పోలికలోంచి తప్పించాలి. స్క్రీన్ రీడర్ చదివి వినిపించే గొంతును, అంటే స్పీచ్‌ను, పూర్తిగా ఆపి ప్రతి పరీక్షనూ నడపాలి. స్పీచ్‌తో మాత్రమే బయటికొచ్చే సమాచారం అప్పుడే బయటపడుతుంది.

ఈ అంచెలో చూడాల్సిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది సందేశాలు నిలిచే సమయం. ఆండ్రాయిడ్‌లో తెర అడుగున మెరిసి పోయే టోస్ట్ సందేశం చిన్నదైతే 2 సెకన్లు, పెద్దదైతే 3.5 సెకన్లు ఉంటుంది. ఎన్‌వీడీఏ తన సందేశాలను మామూలుగా 4 సెకన్లు ఉంచుతుంది. 60 గడుల సందేశాన్ని 20 గడుల డిస్‌ప్లే మీద చదవాలంటే మూడు వరసలు, మధ్యలో రెండుసార్లు మీట నొక్కాలి. కొత్తగా బ్రెయిలీ నేర్చుకున్న పిల్లలు మొదటి వరస పూర్తిచేసేలోపే అది మాయమవుతుంది. ‘చెల్లింపు విఫలమైంది’ అన్న ముక్క మూడో వరసలో ఉంటే వారికి ఆ సంగతి తెలియదు, మళ్లీ డబ్బు పంపుతారు. మెషీన్ చేయాల్సిన తనిఖీ తేలిక. యాప్‌లో వచ్చే ప్రతి సందేశాన్నీ చుక్కలుగా మార్చి గడులు లెక్కపెట్టాలి. 20 దాటితే అది వాడేవారు మూసేదాకా నిలిచే సందేశంగానో, వెనక్కి వెళ్లి చదువుకోగల చోటనో ఉందా అని చూడాలి. లేకపోతే ఫెయిల్.

జాబితాల్లో మొదటి 20 గడుల తనిఖీ కూడా అలాంటిదే. ‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా’ అన్న పేరు చుక్కల్లో 38 గడులు. మాటలు మధ్యలో విరగకుండా అమర్చుకున్న 20 గడుల పరికరంలో మొదటి వరసలో ‘శ్రీ పొట్టి’, రెండో వరసలో ‘శ్రీరాములు నెల్లూరు’ వస్తాయి, ‘జిల్లా’ మూడో వరసకు పోతుంది. మండలం పేరు ఆ తర్వాత ఉన్న జాబితాలో ముప్పై వరసలూ ఒకేలా మొదలవుతాయి. ప్రతి వరసలో మూడో ముక్క దాకా వెళ్తే తప్ప ఇది కావలియో ఆత్మకూరో తెలియదు. అమరజీవి పేరు తీయమనడం లేదు. జాబితాలో మండలం పేరు ముందు, జిల్లా పేరు తర్వాత రాస్తే చాలు. వరుసగా ఉన్న అంశాల మొదటి 20 గడులు ఒకటితో ఒకటి పోల్చి, ఒకేలా ఉంటే చూపమని మెషీన్‌కు చెప్పడం పది వరసల కోడు.

వరస విరిగే చోటు చూడటానికి అదే వాక్యాన్ని 14, 20, 32, 40 గడుల వెడల్పులతో నడపాలి. ఒత్తును చెప్పే 4వ చుక్క వరస చివర మిగిలి, అక్షరం తర్వాతి వరసకు పోతే చదివేవారికి ఆ చుక్క ఎందుకొచ్చిందో తెలియదు. అంకెల గుర్తు చివర మిగిలి అంకె కిందికి పోయినా అంతే. ఆ అంకె అక్షరంలా చదవబడుతుంది. వరస చివరి గడి విలువ 8 గానీ, అంకెల గుర్తు 60 గానీ అయిన ప్రతిచోటునూ మెషీన్ పట్టి చూపించాలి. 60 విషయంలో అది ణ అయ్యుండొచ్చు కాబట్టి మనిషి చూసి తేల్చాలి.

గడుల పైన ఉండే చిన్న రూటింగ్ మీటలు కర్సర్‌ను ఆ గడి దగ్గరికి తెస్తాయి. ఇంగ్లిషులో గడి, అక్షరం దాదాపు ఒకే వరసలో నడుస్తాయి కాబట్టి ఈ పరీక్ష సులువుగా నెగ్గుతుంది. తెలుగులో అలా కాదు. ‘నెల్లూరు’ కోడులో ల, పొల్లు, ల, ఊత్వం అన్న వరస ఉంటే, చుక్కల్లో 4వ చుక్క ముందు వచ్చి ఆ తర్వాత ల, ల, ఊ వస్తాయి. మూడో గడి నుంచి ఆరో గడి దాకా ఏ మీట నొక్కినా కర్సర్ ‘ల్లూ’ మొదట్లోకి రావాలి. పొల్లుకూ రెండో ల-కూ మధ్యన దిగితే, అక్కడ ఇంకో అక్షరం కొట్టగానే ఒత్తు విడిపోయి మాట పాడవుతుంది. ప్రతి గడి మీటనూ నొక్కినట్టు ఆదేశం పంపి కర్సర్ స్థానాన్ని చదివే పరీక్షను సంయుక్తాక్షరాలున్న యాభై మాటల మీదైనా నడపాలి. చీమకుర్తి, కృష్ణపట్నం, మర్రిపూడి లాంటి మన ఊళ్ల పేర్లు అందుకు బాగా సరిపోతాయి.

ఫోనుకూ డిస్‌ప్లేకూ మధ్య సంబంధం గురించి కొద్దిగా. ఒకప్పుడు ప్రతి కంపెనీ డిస్‌ప్లేకూ వేరే డ్రైవర్ కావాల్సి వచ్చేది. 2018లో యూఎస్‌బీ సంస్థ బ్రెయిలీ డిస్‌ప్లేలకు హెచ్ఐడీ ప్రమాణాన్ని ఆమోదించాక, ఆ ప్రమాణం పాటించే పరికరాలు కీబోర్డు లాగే నేరుగా కలవగలుగుతున్నాయి. ఆండ్రాయిడ్‌లో ఈ ప్రమాణానికి తీగతోనూ బ్లూటూత్‌తోనూ మద్దతు ఆండ్రాయిడ్ 15తో వచ్చింది. ట్యాబ్ కొనేటప్పుడు ఆ వెర్షన్ ఉందా, తర్వాతి అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి అన్నది రాతపూర్వకంగా అడగాలి. లైనక్స్‌లో యూహెచ్ఐడీ అనే వీలుతో లేని డిస్‌ప్లేను ఉన్నట్టు సృష్టించి, మీటలు నొక్కినట్టు పంపి, తిరిగి వచ్చిన చుక్కలను చదవవచ్చు. బ్లూటూత్ తెగి కలవడం మాత్రం నిజమైన పరికరంతోనే చూడాలి. డిస్‌ప్లే ఆపి మళ్లీ వేయడం, ఫోను నిద్రపోయి లేవడం, ఫోను పూర్తిగా ఆపి మళ్లీ వేశాక లాక్ తీయకముందే పిన్ కొట్టడం, తీగ పీకి బ్లూటూత్‌కు మారడం, ఒక్కోదాన్ని కనీసం యాభైసార్లు చేయించి, మొదటి చుక్క లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయాలి. ఒకటి రెండుసార్లు చేసి కలిసిందని రాసే రిపోర్టుకు విలువ లేదు.

మూడో అంచె పిన్నులు. డిస్‌ప్లేలలో ఎక్కువ భాగం విద్యుత్తు తగిలితే వంగే పీజో పట్టీలతో పిన్నును లేపుతాయి. 20 గడులు, ఎనిమిది చుక్కలంటే 160 పిన్నులు, 40 గడులైతే 320. చేతి జిడ్డు, దుమ్ము పేరుకుని పిన్ను బిగుసుకోవడం ఎక్కువగా కనిపించే జబ్బు. మన తీర మండలాల్లో తేమ, ఉప్పుగాలి, పడమటి మండలాల్లో దుమ్ము ఉన్నాయి కాబట్టి ఏడాదికి ఒక్కసారి చూస్తే చాలదు. ఒక్క పిన్ను పనిచేయకపోతే ఏమవుతుందో అంకెలతో చూడండి. ఒక గడిలో 5వ చుక్క లేవకపోతే ఆ గడిలో 4 అంకె 3గా, 5 అంకె 1గా, 7 అంకె 6గా, 8 అంకె 2గా, 0 అంకె 9గా చదవబడతాయి. పింఛను సొమ్ము, ఓటీపీ, హాల్‌టికెట్ నంబరు ఏది ఆ గడి మీదికి వచ్చినా తప్పే. అక్షరాల్లో ర కాస్తా ల అవుతుంది, ద కాస్తా చ అవుతుంది. మిగతా చుక్కలు చక్కగా ఉన్నందున చదివేవారికి అనుమానం కూడా రాదు.

తనిఖీకి మూడు వస్తువులు చాలు, స్టాండుకు బిగించిన మామూలు వెబ్‌క్యామ్, పక్క నుంచి ఏటవాలుగా పడే చిన్న ఎల్ఈడీ దీపం, చీకటి పెట్టె. లేచిన చుక్క ఎత్తు అర మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది, పైనుంచి నేరుగా వెలుతురు వేస్తే కెమెరాకు తేడా తెలియదు. పక్క వెలుతురులో నీడ పడుతుంది. ముందు అన్ని చుక్కలూ లేపి ఒక ఫోటో, అన్నీ దించి ఒక ఫోటో, ఆ తర్వాత 256 అమరికలూ ఒక్కోటి అర సెకను చొప్పున. మొత్తం రెండు నిమిషాల పైచిలుకు. చుక్క లేచిందని కెమెరా చెప్పినా వేలి ఒత్తిడికి కుంగిపోవచ్చు, ఆ లోపం ఫోటోకు అందదు. అందువల్ల చివరగా మనిషి వేలితో తడిమి చూడాల్సిందే.

మనిషి చూడాల్సింది ఇంకా ఉంది. మీట పేరు ‘బొమ్మ 1’ అని ఉంటే మెషీన్ పేరు ఉందని పాస్ చేస్తుంది. వాడేది మనిషేనా అని తేల్చే క్యాప్చా బొమ్మకు బదులు శబ్దం పెట్టామని చెబితే చూపు, వినికిడి రెండూ లేనివారికి ఏమీ ఇవ్వనట్టే. 20 గడుల పరికరం వాడేవారు ఒకరు, 40 గడులది వాడేవారు ఒకరు, వినికిడి కూడా లేనివారు ఒకరు, ముగ్గురితో అసలు పనులు చేయించి చూడాలి. లాగిన్ కావడం, ఫారం నింపడం, తప్పు దిద్దడం, రసీదు దాచుకోవడం.

పీడీఎఫ్‌ల మాట విడిగా చెప్పాలి. ఒంగోలు, నెల్లూరుల్లో డీటీపీ పని చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లలోనే జరుగుతోంది. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, లోపలున్న కోడ్‌లు తెలుగువి కావు. ఆ నోటీసును పీడీఎఫ్ చేసి వెబ్‌సైట్‌లో పెడితే, ఆటోమేటెడ్ పరికరం ‘ఇందులో అక్షరాలున్నాయి, బొమ్మ కాదు’ అని పాస్ చేస్తుంది. బ్రెయిలీ డిస్‌ప్లే మీద అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. దీన్ని పట్టడం చాలా తేలిక. తెలుగుకు యూనికోడ్‌లో 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా చోటు ఉంది. పత్రంలోని అక్షరాల్లో ఎన్ని ఆ పరిధిలో ఉన్నాయో లెక్కపెట్టి, తెలుగు పత్రమని చెప్పి సగం కూడా అక్కడ లేకపోతే వెబ్‌సైట్‌లోకి ఎక్కనివ్వకూడదు. కార్యాలయాలు పాత నోటీసులన్నీ మార్చలేకపోయినా, ఇకపై పెట్టేవాటికి ఈ గేటు పెట్టగలవు.

చట్టం వైపు నుంచి అడ్డేమీ లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ రోజువారీ ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడేలా ఉండాలంటోంది. భారత ప్రమాణం ఐఎస్ 17802 మొదటి భాగం 2021లో, అవసరాలు తీరాయా లేదా తేల్చే పద్ధతి చెప్పే రెండో భాగం 2022లో వచ్చాయి. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు యాక్సెసిబిలిటీ నియమాలు సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి కావాలని చెప్పింది. 2025 ఏప్రిల్ 30 తీర్పులో డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమంది.

కాబట్టి ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ట్యాబ్‌లు, కంప్యూటర్లు, కియోస్కులు కొనే అధికారులను, యాప్‌లు చేయించుకునే బ్యాంకులను, విశ్వవిద్యాలయాలను మేం అడిగేది ఇది. టెండరులో ‘యాక్సెసిబుల్‌గా ఉండాలి’ అన్న వాక్యంతో ఆపొద్దు. తెలుగు బ్రెయిలీలో పరీక్షించిన ఫైలు, 20 గడుల వెడల్పులో వచ్చిన ఫలితం, స్పీచ్ ఆపి నడిపిన ఫలితం, ఫెయిల్ అయినవాటి జాబితా ఇవ్వాలని రాయండి. ఫెయిల్‌లు లేవని వచ్చే రిపోర్టును వెనక్కి పంపి, ఏ మాటల మీద నడిపారో అడగండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఇదే పరీక్ష మళ్లీ నడపాలని, కొత్తగా విరిగినదాన్ని సరిచేసేదాకా పాత వెర్షన్ అందుబాటులో ఉంచాలని ఒప్పందంలో పెట్టండి. జనవరిలో బాగా పనిచేసిన పరీక్ష ఫారం మార్చిలో అప్‌డేట్ తర్వాత మొరాయిస్తే ఆ విద్యార్థికి ఏడాది పోతుంది. డిస్‌ప్లే కొనేటప్పుడు పిన్నుల శుభ్రత, మరమ్మతు ఎక్కడ చేస్తారు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, ఆ రోజుల్లో బదులు పరికరం ఇస్తారా అన్నది కూడా అందులోనే ఉండాలి.

ఇంజినీరింగ్ కళాశాలల అధ్యాపకులకు ఒక సూచన. ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా తెలుగు బ్రెయిలీ పరీక్షల ఫైలు తీసుకోండి. ఉపాధ్యాయులు ఖాయం చేసిన మాటలను లిబ్‌లూయీ వారికి పంపితే అవి ప్రపంచంలో తెలుగు చదివే అన్ని డిస్‌ప్లేలకూ పనికొస్తాయి. దీనికి ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, బ్రెయిలీ తెలిసిన ఇద్దరి సమయం కావాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఈ-పేపరు పేజీలు బొమ్మలుగా కాక, వార్త వార్తకూ యూనికోడ్ పాఠంగా తెరుచుకునేలా చేయండి. శీర్షిక ముందు, ఊరి పేరు తర్వాత వచ్చేలా ఉంచండి. జిల్లా పేజీతో మొదలుపెట్టండి.

ఇట్లు,
బ్రెయిలీ ఉపాధ్యాయులు, సాఫ్ట్‌వేర్ టెస్టర్లు కొందరు,
ఒంగోలు, నెల్లూరు